గుడియాత్తంలో నేను తర్జుమా చెయ్యని మాట

ఎవరి మీద ఫిర్యాదు వస్తే ఆ ఫిర్యాదును వాళ్ళకే పంపించి, దీనిమీద మీ రిపోర్టు ఏమిటని అడగడం మా ఆఫీసు ఆచారం. ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న మీకూ ఇది కొత్త కాదనుకుంటాను. చేరిన కొత్తలో ఇదేమి పద్ధతి అని అడిగాను. మొదటినుంచీ ఇంతే అన్నారు. పిల్లి ఎదురైతే ఎందుకు ఆగాలని అడిగినా మా అవ్వ ఇదే జవాబు చెప్పేది. అవ్వ మాటను ఎదిరించాను, ఆఫీసు మాటను ఎదిరించలేదు. దానివల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. తర్వాత ఆ ప్రాణాన్ని కాపాడబోయి నేను చేసిన పని మొదటి తప్పుకంటే పెద్దది. రెండూ చెబుతాను. పేర్లు మాత్రం చెప్పను. కొందరి పిల్లలు ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నారు.

నేను పనిచేసింది వేలూరులో, నూలు పంపిణీ చూసే ఆఫీసులో. యుద్ధం ముగిసింది, తెల్లవాళ్ళు పోయారు, జెండా మారింది, నూలు కరువు మాత్రం మారలేదు. సర్కారు జాబితాకు ఎక్కిన ప్రతి మగ్గానికీ నెలకు ఇంత నూలు అని ఇచ్చేవాళ్ళు. జాబితాలో ఉన్న మగ్గం ఆడుతుంది, లేని మగ్గం మూలపడుతుంది. అందుకని జాబితా ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్ళ చేతిలో ఉన్నట్టే. మా ఆఫీసు కింద మా జిల్లాతోపాటు చిత్తూరు జిల్లా కూడా ఉండేది. తెలుగులో వచ్చే ప్రతి కాగితం నా బల్లమీదికి వచ్చేది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, ఏం చేయాలో ఒక వాక్యం రాసి పైకి పెట్టడం నా పని.

మా నాయన వేలూరులో తాపీమేస్త్రీ. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళం గానీ ఆయనకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళం చాలామంది అంతే. మాట తెలుగు, చదువు అరవం. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది మా పేటలోని బడి పంతులు ఒకాయన. ఆయనే నాకు వాదించడమూ నేర్పాడు. జాతకాలు, ముహూర్తాలు, అంటు, తలరాత, వీటిమీద ఆదివారాలు మీటింగులు పెట్టేవాళ్ళం. పేడ ముద్దలు పడేవి. మరుసటి వారం ఇంకా గట్టిగా మాట్లాడేవాణ్ణి. ఇరవై ఏడేళ్ళ వయసులో నాకు భయం అనేది ఇతరులకు ఉండే జబ్బులా కనిపించేది.

ఒకసారి గుడియాత్తంలో నేతపనివాళ్ళ వీధిలో మాట్లాడాను. పేరు పెట్టని అర్జీని మా ఆఫీసుల్లో చెత్తబుట్టలో వేస్తారు, అది నిజం. దాన్ని పట్టుకుని ఊగిపోయాను. "పేరు దాచుకుని రాసేవాడు న్యాయం అడగడం లేదు, చాడీ చెబుతున్నాడు. మీ కష్టానికి మీ పేరు పెట్టండి" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో ఒక జత చేతులు ఎవరివో నాకు తర్వాత తెలిసింది.

రెండు నెలలు గడిచాక ఒక శనివారం గుడియాత్తం నుంచి తెలుగులో అర్జీ వచ్చింది. గుడియాత్తం నుంచి తెలుగులో రావడమే వింత. ఊళ్ళోని నేత సొసైటీ ప్రెసిడెంటు చూపించిన మగ్గాల్లో సగం లేవని అందులో ఉంది. మగ్గమని రాసిన చోట గొడ్ల కొట్టం ఉందని, ఇంకోచోట పాడుగోడ ఉందని, వీధి వీధికీ విడదీసి రాయించారు. ఆ లేని మగ్గాల నూలు లారీల్లో పళ్ళికొండ మీదుగా బెంగుళూరు దారి పడుతోందట. సొసైటీని చూడవలసిన గుడియాత్తం ఇన్‌స్పెక్టరు ఆ లారీలకు తన చేత్తోనే చీటీ ఇస్తాడట. కింద అరవంలో సంతకం, పేరు, వీధి. మదరాసులోని పై ఆఫీసుకూ ఒక ప్రతి పంపినట్టు చివర ఒక ముక్క.

ఆ ప్రెసిడెంటు మామూలు మనిషి కాదు. రాబోయే ఎన్నికలకు నిలబడబోతున్నాడు. రాష్ట్రాలు భాషనుబట్టి విడిపోతాయని ఊరూరా కొట్లాడుకుంటున్న రోజులవి. ఆయన తెలుగువాళ్ళ సభలో మదరాసు మనదే అనేవాడు, అరవవాళ్ళ సభలో తిరుపతి మనదే అనేవాడు. రెండు సభల్లోనూ పూలదండ పడేది.

నేను ఉత్సాహంగా తర్జుమా చేశాను. చివర అలవాటైన వాక్యం రాశాను. 'రిపోర్టు నిమిత్తం గుడియాత్తం ఇన్‌స్పెక్టరుకు.' అసలు అర్జీని దానికి గుచ్చి ఆ సాయంత్రపు తపాలాలో వేశాను. ఆలోచించి వేశానని చెప్పలేను. చెయ్యి వేసింది.

సోమవారం పదకొండు గంటలకు మా హెడ్ గుమాస్తా నన్ను పిలిచాడు. అరవాయన, పొడుం మనిషి, ఏ సంగతీ పెద్ద గొంతుతో మాట్లాడేవాడు కాదు.

"తంబీ, గుడియాత్తం అర్జీ ఏమైంది?"

"రిపోర్టుకు పంపించాను సార్."

"నకలు పంపావా, అసలుదే పంపావా?"

"అసలుదే. రూలు అదే కదా సార్."

"పేరు?"

"ఉంది. సంతకంతో సహా."

ఆయన తీసిన పొడుం పీల్చకుండా మళ్ళీ డబ్బీలో రాల్చేశాడు. "పోయిన ఏడు రంగులద్దేవాడు ఒకడు ఇట్లాగే ఆ ప్రెసిడెంటు మీద అర్జీ పెట్టాడు. నువ్వప్పుడు లేవు. రిపోర్టు రాకముందే వాడు గుడియాత్తం స్టేషను అవతల పట్టాల పక్కన దొరికాడు. రైలు కొట్టిందని రాశారు. వాళ్ళు రాసిన గంటకు ఆ దారిలో రైలే లేదు."

"మీకెట్లా తెలుసు?"

"టైంటేబులు తీసి చూశాను. చూసి మూసేశాను. అప్పటికి నాకు ఇంకా ఏడేళ్ళ సర్వీసు ఉండింది." పొడుం డబ్బీ మూత బిగించాడు. "నువ్వు దేవుడు లేడంటావు. ఉండనీ, లేకపోనీ. రూలుకు మాత్రం రోజూ కొబ్బరికాయ కొడతావు తంబీ."

ఆయన తెల్లకాగితం ఒకటి నా ముందుకు తోశాడు.

"కడుపునొప్పి అని చీటీ రాసిచ్చి గుడియాత్తం పో. నొప్పి దారిలో నిజంగానే వస్తుంది."

వచ్చింది. పళ్ళికొండ దగ్గర బస్సు ఆగి, డ్రైవరు టీకి దిగాడు. ఆ పావుగంటలో నేను మూడుసార్లు దిగి మూడుసార్లు ఎక్కాను. గుడ్డ కప్పిన లారీ ఒకటి రోడ్డుపక్కన నిలబడి ఉంది. అందులో ఏముందో నాకు తెలియదు. ఉల్లిగడ్డలే కావచ్చు. కానీ ఆ లారీ క్లీనరు నావైపు చూస్తే నా పేరు వాడికి తెలుసు అనిపించింది. శకునాలను వెక్కిరించినవాణ్ణి, ప్రతిదాంట్లోనూ శకునం చూస్తున్నాను.

గుడియాత్తం ఇన్‌స్పెక్టరు ఆఫీసులో బంట్రోతు ఒక్కడే ఉన్నాడు.

"వేలూరు తపాలు వచ్చిందా?" అన్నాను.

"వచ్చింది సామీ. పొద్దున్నే సారు ఇప్పినాడు. ఇప్పి, చదివి, కాఫీ కూడా తాగకుండా సైకిలెక్కినాడు."

"ఎక్కడికి?"

"ప్రెసిడెంటు ఇంటికి. ఏం సామీ, మొగం అట్ల పెట్టినారు? కూర్చోండి, నీళ్ళు తెస్తా."

నేను కూర్చోలేదు. వీధి పేరు అర్జీలో చదివినదే. అడిగి పట్టుకున్నాను. గుమ్మందాకా వెళ్ళేసరికి లోపల మగ్గం ఆడుతున్న చప్పుడు వినిపించింది. మనిషి ఉన్నాడనుకుని లోపలికి అడుగుపెట్టాను.

యాభై ఏళ్ళ మనిషి. గుంటమగ్గం. నేలలో గుంట తవ్వి, అంచుమీద కూర్చుని, కాళ్ళు గుంటలో దించి కర్రలు తొక్కుతారు. నన్ను చూసి, పడుగులో అటూ ఇటూ విసిరే నాడె ఆపాడు. మూలన కూర్చుని కండెలు చుడుతున్న ఆయన భార్య లేచి నిలబడింది.

"నువ్వు మీటింగులో మాట్లాడినోడివి కదప్పా" అన్నాడు ఆయన. "వేలూర్లో తెలుగు కాయితాలు చూసేది నువ్వేనని చెప్పినారు. అరవంలో రాస్తే ఇంకో గుమాస్తా చేతికి పోతాదంట. ఆయప్ప ఈ ఇన్‌స్పెక్టరుకు చుట్టమంట. అందుకే ముసిలి అయ్యవారితో తెలుగులో రాయించినా. నాకు ఆ అచ్చరాలు రావు. నీకు చేరితే చాలని."

నాకు చేరింది. నేను దాన్ని ఎవరికి చేర్చానో చెప్పాను. దాచకుండానే చెప్పాను. భార్య గోడకు చేరబడింది. ఆయన మాత్రం తెగిన పోగు ఒకటి ముడివేస్తూ, "పేరు పెట్టినాంక దాచేదేముండాది నాయనా?" అన్నాడు.

"మేల్పాడిలోనో ఇంకెక్కడో మీవాళ్ళు ఉంటే పది దినాలు పోయి ఉండండి."

"పడుగు మగ్గం మీద ఉండాది. దీన్ని యాడ ఇడిసి పోయేది?"

"ఈయప్ప పోడులే" అంది ఆమె. "పెండ్లినాడు కూడా మగ్గం దిగింది మద్యాన్నమే. పెండ్లికొడుకు యాడ అని మా నాయన వీదంతా ఎతికినాడు."

ఆయన నవ్వి నన్ను గుంటలోకి వంగి చూడమన్నాడు. మట్టిగోడ మీద, మడమ తగిలే చోట, చిప్పంత లోతుగా అరిగిపోయి ఉంది. నల్లగా, నున్నగా, రాయిలాగా. "మా నాయన మడమ, దానిమీద నా మడమ. అరవై ఏండ్లు. మగ్గం ఉందా లేదా అని జాబితా చూస్తే ఏం తెలుస్తాది? ఈడ చూడాల."

బయలుదేరేటప్పుడు ఆమె గడపదాకా వచ్చింది. గొంతు తగ్గించి అంది: "నాయనా, ఈయప్పను నీ మాటే ఎక్కించింది. నువ్వే దించు."

ఆ మాట పట్టుకుని వేలూరు వచ్చాను. తర్వాతి పది రోజులు నేను ఏ పనీ సరిగా చేసినట్టు గుర్తు లేదు. తపాలా సంచీ వచ్చినప్పుడల్లా గుడియాత్తం ముద్ర కోసం వెతికేవాణ్ణి. ఉంటే భయం, లేకపోతే ఇంకా భయం. ఐదో రోజున అరవంలో ఒక కార్డు వచ్చింది. ఆలుమగలు సర్కారు గంజి పోసే కేంద్రానికి పోయిన సమయంలో, పట్టపగలు ఎవరో ఇంట్లో దూరి పడుగంతా కోసేశారు. మూడు వాక్యాలే. మూడోది, 'నువ్వు దిగులు పడొద్దు.' ఆ కార్డును హెడ్ గుమాస్తాకు చూపించాను. ఆయన చదివి, "ఇప్పుడు నూలు కోశారు" అని కార్డు తిరిగి ఇచ్చాడు.

అంతలో మదరాసు చేరిన ప్రతి పనిచేసింది. పైనుంచి ఒక అధికారి వచ్చి స్వయంగా మగ్గాలు చూస్తాడని తాఖీదు వచ్చింది. ఉత్తరాదివాడు. మన రెండు భాషలూ రావు. అర్జీ తెలుగులో ఉంది కాబట్టి తర్జుమాకు నేను వెంట వెళ్ళాలని రాశారు. చదివినప్పుడు నాకు సంతోషం కలిగిన మాట నిజం. నా కాలికింద నేల మళ్ళీ గట్టిపడినట్టు అనిపించింది. సత్యం, సాక్ష్యం, విచారణ. ఆదివారాల్లో నేను వాడే మాటలన్నీ గుడియాత్తానికి బస్సెక్కినట్టు అనుకున్నాను. కానీ అధికారి వస్తున్నాడని మాకంటే ముందు ప్రెసిడెంటుకు తెలిసింది.

ఆ రోజు చెబుతాను.

అధికారి మంచివాడే. యువకుడు, తెల్లటి దుస్తులు, మెరిసే బూట్లు. ఎండకు తాళలేక మాటిమాటికీ మెడ తుడుచుకుంటున్నాడు. ప్రెసిడెంటు స్వయంగా గొడుగు పట్టాడు. ఇన్‌స్పెక్టరు జాబితా పట్టుకుని ముందు నడిచాడు. ప్రెసిడెంటుకు ఇంగ్లీషు రాదు. ఇన్‌స్పెక్టరుకు తెలుగు, అరవం, ఇంగ్లీషు మూడూ వచ్చు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

మొదటి ఇల్లు, అర్జీలో గొడ్ల కొట్టమని రాసినది. కొట్టం లేదు. అలికిన నేల, గుంట, గుంటమీద మగ్గం, మగ్గం మీద పడుగు, కూర్చుని నేస్తున్న మనిషి. రెండో చోట పాడుగోడ లేదు, మగ్గం ఉంది. మూడోచోట రెండు మగ్గాలు. అధికారి ప్రతిచోటా జాబితాలో గీత పెట్టుకున్నాడు. నేను లోలోపల చల్లబడిపోతున్నాను. పది రోజుల్లో ఆ చోట్లల్లా గుంటలు తవ్వి మగ్గాలు దించారు. ఎవరెవరి మగ్గాలో అరువు తెచ్చారు. నేసేవాడు నాడె విసిరే తీరు చూస్తే వాడు కూలికి వచ్చిన కొలిమివాడో, బండిలాగేవాడో అని నాకే అనుమానం వచ్చింది. అధికారికి రాలేదు. ఆయన అంతకుముందు మగ్గం చూశాడో లేదో.

నాలుగో ఇంటి దగ్గర అర్జీదారుణ్ణి పిలిపించారు. ఆయన ఉతికిన పంచె కట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని వచ్చాడు. వీధిలో ముప్పై నలభై మంది చేరారు. వాళ్ళలో నలుగురైదుగురు నేతవాళ్ళు కారు. లారీల దగ్గర నిలబడే రకం. ఒకడు గోళ్ళు చూసుకుంటూ అర్జీదారు వెనకగా వచ్చి నిలుచున్నాడు. చెయ్యి చాపితే మెడకు అందేంత దగ్గర.

"ఏం పెద్దాయనా, మగ్గాలు లేవంటివే" అన్నాడు ప్రెసిడెంటు, పెళ్ళిలో పలకరించినట్టు. "ఇవేంది, నక్కలు పెట్టిన బొక్కలా?" కొందరు నవ్వారు.

అర్జీదారు ఆయనకు జవాబు చెప్పలేదు. గుంట దగ్గర కూర్చుని అంచుమీద అరచెయ్యి రాశాడు. చెయ్యి ఎత్తి చూసుకున్నాడు. నావైపు తిరిగి తెలుగులో, తొందర లేకుండా చెప్పాడు.

"నాయనా, ఈ దొరకు చెప్పు. ఇది నిన్నో మొన్నో తొవ్విన గుంట. అంచుకు నూనె, మసి కలిపి పూసినారు, ఇదో నా చేతికి అంటింది. బూట్లు ఇప్పి లోపలికి కాళ్ళు పెట్టమను. మడమ తగిలే చోట చెయ్యి పెట్టి చూడమను. పలుగు గుర్తులు అట్లనే ఉండాయి. మడమ గుర్తు ఉండదు. ఈ దినం చూసినవన్నీ అంతే. ఒక్కదాంట్లో మడమ గుర్తు ఉంటే నన్ను జైల్లో వెయ్యమను."

ఇన్‌స్పెక్టరు ముఖంలో రక్తం ఇంకిపోయింది. అధికారి నన్ను చూసి, ఏమంటున్నాడు అన్నాడు.

తమ్ముళ్ళూ, అప్పుడు నేను ఎంతసేపు ఆగానో నాకు తెలియదు. ఇంగ్లీషులో ఆరేడు వాక్యాలు చెబితే సరిపోయేది. అధికారి బూట్లు విప్పేవాడా? విప్పేవాడనే నాకు అనిపించింది. అంత చిన్నపిల్లవాడి ముఖం ఆయనది. అప్పుడు ఇన్‌స్పెక్టరు జైలుకు, ప్రెసిడెంటు ఇంటికి. ఆ తర్వాత? అధికారి నాలుగు గంటల రైలుకు వెళ్ళిపోతాడు. నేను బస్సెక్కుతాను. ఈ మనిషి ఈ వీధిలోనే ఉంటాడు, వెనక ఆ గోళ్ళ మనిషితో. పట్టాలు, లేని రైలు, నువ్వే దించు అన్న ఆడమనిషి గొంతు, అన్నీ ఒక్కసారి వచ్చాయి.

"తనకు ఎవరో తప్పు చెప్పారట సార్" అన్నాను ఇంగ్లీషులో. "పొరపాటున అర్జీ పెట్టానంటున్నాడు. వెనక్కు తీసుకుంటాడట. మన్నించమని కోరుతున్నాడు."

అధికారి జాలిగా తల ఆడించి జేబులోంచి కలం తీసి రాసుకోసాగాడు. ఆయన రాసుకోవడం చూసి అర్జీదారు ముఖం విప్పారింది. తన మాట కాగితం మీదికి ఎక్కుతోందని తృప్తిగా నిలబడి, రాయడం ముగిసేదాకా కదలలేదు. ఇన్‌స్పెక్టరు నావైపు చూశాడు. మొదట నమ్మలేనట్టు, తర్వాత మెల్లిగా, చాలా దగ్గరి చుట్టాన్ని చూసినట్టు. ప్రెసిడెంటు చెవిలో ఏదో చెప్పాడు. గోళ్ళ మనిషి గుంపులోంచి తప్పుకుని బీడీ ముట్టించుకున్నాడు.

అధికారి కారెక్కాక అర్జీదారు నా దగ్గరికి వచ్చాడు.

"చెప్పినావా నాయనా?"

"చెప్పినా."

"బూట్లు ఇప్పలేదే."

"రాసుకున్నాడు కదా. పైన చూస్తారు."

"చూస్తారులే" అన్నాడు.

వారం తర్వాత గుడియాత్తం నుంచి బంట్రోతు చేత ఇన్‌స్పెక్టరు మా ఇంటికి రెండు కొత్త కైలీ లుంగీలు పంపించాడు. తిప్పి పంపాను. ఆ సారు మొహమాటస్థుడు అని ఇన్‌స్పెక్టరు నవ్వాడట. అప్పటినుంచి ఆ ఆఫీసులో నన్ను మనోడు అనేవాళ్ళు. నాకు తెలిసిన తిట్లలో అంతకంటే పెద్దది లేదు. హెడ్ గుమాస్తా అంతా విని, "మనిషి బతికాడు కదా" అన్నాడు. ఓదార్చాడో, తన పక్కన చోటు చూపించాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ప్రెసిడెంటు ఎన్నికల్లో గెలిచాడు. అర్జీదారు జోలికి ఎవరూ పోలేదు. పైగా ఆయన మగ్గానికి నూలు సక్రమంగా వచ్చేది. క్షమించిన పెద్దమనిషిగా పేరు రావడం ప్రెసిడెంటుకు అవసరం. మరుసటి ఏడు ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆఫీసులు పంచుకున్నారు, కుర్చీలు పంచుకున్నారు, ఫైళ్ళు పంచుకున్నారు. తెలుగు కాగితం ఉన్న ఫైలు తెలుగు రాష్ట్రానికి పోవాలన్నారు. అసలు అర్జీ తెలుగులో ఉంది కాబట్టి గుడియాత్తం ఫైలు కట్ట కట్టి సరిహద్దు దాటించారు. ఆ ఊరు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. భాషాభిమానం ఇంత పనికొస్తుందని ఏ సభలోనూ ఎవరూ చెప్పలేదు.

అర్జీదారు కైలీలు అమ్ముకోవడానికి వేలూరు వచ్చినప్పుడల్లా నన్ను చూసిపోయేవాడు. నేను తలెత్తలేకపోయేవాణ్ణి. ఆయన దాన్ని వేరుగా అర్థం చేసుకున్నాడు. "ఆ దొర ఇనలేదు, నువ్వేం చేస్తావు నాయనా. నువ్వు చెప్పాల్సింది చెప్పినావు" అని నన్నే ఓదార్చేవాడు. ఆరేళ్ళు ఓదార్చాడు.

ఏడో ఏట గుడియాత్తంలో మళ్ళీ మాట్లాడటానికి పిలిచారు. తలరాత మీద. నేను వేదికమీద కూర్చున్నాను. ముందు ఊరివాళ్ళు ఒకరిద్దరు మాట్లాడాలని అర్జీదారును లేపారు. ఆయన మైకు వద్దని గట్టిగా చెప్పాడు: "ఈ సారు గురించి మీకు తెలీదు. ప్రెసిడెంటు పక్కనే నిలబడి ఉండంగా, ఇన్‌స్పెక్టరు కండ్లెర్ర జేస్తా ఉండంగా, పై దొరకు నా మాట ఒక్కటి కూడా తగ్గించకుండా ఇంగ్లీషులో చెప్పినాడు. మొగోడంటే అట్ల ఉండాల."

చప్పట్లు కొట్టారు. ఆ రోజు నేను తలరాత మీద ఏం మాట్లాడానో చెప్పమంటే చెప్పలేను.

బస్టాండుకు ఆయనే తోడు వచ్చాడు. బల్లమీద కూర్చున్నాక చెప్పేశాను. ఇంగ్లీషులో ఏ మాటలు అన్నానో అవే తెలుగులో చెప్పాను. టీ అమ్మేవాడు వచ్చి ఇద్దరికీ గ్లాసులు ఇచ్చి వెళ్ళాడు. ఆయన తాగలేదు.

"ఎందుకప్పా?" అన్నాడు చివరికి.

"మీ ప్రాణం పోతుందని."

"నా ప్రాణం నీకు ఎవురు అప్పజెప్పినారు?"

మీ భార్య అని నోటిదాకా వచ్చింది. ఆమె పోయి అప్పటికి రెండేళ్ళు.

"పేరు పెట్టు అనింది నువ్వే. పెట్టినా. పెట్టినప్పుడే అన్నీ చూసుకోని పెట్టినా. నేనేం పసిబిడ్డనా? ఆరేండ్లు నా మాట పైన యాడనో రాసి పెట్టి ఉండాదని, ఒకనాడు ఎవడో ఒకడు తిప్పి చూస్తాడని అనుకుంటా ఉన్నా. రాసింది నా మాటే కాదు." గ్లాసు కింద పెట్టాడు. "ఇప్పుడు రాసియ్యి. ఆ దినం నేనేం చెప్పినానో, నువ్వేం చెప్పినావో."

ఫైలు ఈ రాష్ట్రంలో లేదని చెప్పాను. గుంటలు ఎప్పుడో పూడ్చేశారని, ప్రెసిడెంటును ఇప్పుడు ఎవరూ తాకలేరని చెప్పాను. నా ఉద్యోగం సంగతి చెప్పలేదు గానీ ఆయనకు తెలుసు. ఆ రాత పైకి పోయాక ఏమైందని అడిగేవాళ్ళకు ఇప్పుడే చెబుతున్నాను: నాకు నెమిలి అనే మారుమూల ఊరికి బదిలీ, రెండేళ్ళు ఇంక్రిమెంటు కోత. ప్రెసిడెంటుకు ఏమీ కాలేదు.

"అది పైవాళ్ళు చూసుకుంటారు. నువ్వు రాయి."

సంచిలోంచి కాగితం తీసి, మోకాలిమీద పెట్టుకుని తెలుగులో మొదలుపెట్టాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"అరవంలో రాయప్పా. నేను చదువుకునేటట్టు."

కొత్త కాగితం తీశాను. ఆయన పక్కనే వంగి, నేను ఒక వాక్యం రాసేసరికి వేలు పెట్టి, కూడబలుక్కుంటూ పైకి చదివేవాడు. తల ఊపితేనే రెండో వాక్యం. వేలూరు బస్సు వచ్చింది, పోయింది. ఇంకోటి వచ్చింది. 'అర్జీదారు ప్రాణభయం చేత నేను వేరుగా తర్జుమా చేశాను' అని రాశాను. ఆయన వేలు అక్కడ ఆగిపోయింది. రెండోసారి చదివాడు.

"ఇది కొట్టెయ్యి" అన్నాడు. "భయం నాది కాదు. ఎవురిదో వాళ్ళ పేరు పెట్టి రాయి."

కొట్టేసి, నా పేరు పెట్టి రాశాను. ఆయన చదివి, తల ఊపాడు.